'ముందుంది ముసళ్ళ పండుగ': అర్థమూ, వాడవలసిన చోటూ

కొత్తగా పెళ్ళైన సహోద్యోగికి శుభాకాంక్షలు చెబుతూ మీరు 'ముందుంది ముసళ్ళ పండుగ' అని రాశారు. పండుగ అన్న మాట ఉంది కనుక అది మంచి మాటే అయి ఉంటుందని అనుకున్నారు. చదివిన పెద్దలు నవ్వడంతో సందేహం వచ్చి, దానికి అర్థం ఏమిటో, అందులో ఉన్నది ముసలివాళ్ళో మొసళ్ళో, ఎక్కడ వాడాలో ఎక్కడ వాడకూడదో వివరంగా చెప్పమని అడిగారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా పత్రికల డెస్కుల్లో వార్తలు దిద్ది, శీర్షికలు పెట్టి బతికినవాణ్ణి. ఈ మాటను నేను ఎన్నిసార్లు వాడానో, ఇతరుల కాపీలో ఎన్నిసార్లు కొట్టేశానో లెక్క లేదు కనుక, కొంచెం తీరిగ్గానే చెబుతాను.

ముందుగా అర్థం. 'ఇప్పుడు నువ్వు పడుతున్నది అసలు కష్టమే కాదు, అసలైనది ఇకమీద ఉంది' అని చెప్పడానికి మనం ఈ మాట వాడతాం. 'భవిష్యత్తులో కష్టాలు రాబోతున్నాయి' అని నిఘంటువులో రాసినట్టు చెప్పి ఊరుకుంటే సగం అర్థమే చెప్పినట్టవుతుంది. ఎదుటి మనిషి ఇప్పటికే ఏదో కొంత ఇబ్బంది పడి దాన్నే కొండంతగా చెప్పుకుంటూ ఉండాలి, లేదా గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటూ ఉండాలి. అతను చూసింది కొసరేననీ, అసలు ఇంకా రాలేదనీ, ఆ దారిలో నడిచి వచ్చినవాడో, ఆ దారి సంగతి బాగా తెలిసినవాడో పక్కనుంచి చెప్పాలి. జరిగిన చిన్న కష్టం, రాబోయే పెద్ద కష్టం, ఆ రెండింటి తేడా ఎరిగిన మనిషి, ఈ మూడూ కుదిరితేనే మాట అతుకుతుంది.

మాటలో ఉన్న బొమ్మ ఏటిది. వంతెన లేని చోట ఏరు దాటవలసి వచ్చిన మనిషిని ఊహించండి. ఒడ్డు దగ్గర నీళ్ళు మోకాటి లోతు కూడా ఉండవు. బురదలో కాలు దిగబడటం, అడుగున రాయి గుచ్చుకోవడం, పంచె తడవడం, ఇవే అతనికి పెద్ద బాధలుగా తోస్తాయి. మన నదుల్లో ఉండే మగర్ జాతి మొసలి కళ్ళూ ముక్కుపుటాలూ మాత్రం నీటిపైన ఉంచి, ఎండుదుంగలా కదలకుండా పడి ఉండగలదు కనుక, అది అతనికి ఇంకా కనబడలేదు. ఒక జంతువు నీటిలో చిక్కిందంటే చుట్టుపక్కల మొసళ్ళు కూడా అక్కడికే చేరతాయి. మొసలికి నమలడం చేతకాదు కనుక, పట్టిన కండను ఒళ్ళంతా గిరగిర తిప్పి చీల్చుకుని మింగుతుంది. ఒకే కళేబరం చుట్టూ నాలుగైదు మొసళ్ళు నీళ్ళను కలియబెడుతుంటే ఒడ్డున నిలబడి చూసినవాడికి అది విందు భోజనంలాగే కనిపిస్తుంది. సంగారెడ్డి ప్రాంతంలో మంజీరా నది మీద 1978లో ఏర్పడిన అభయారణ్యం ఈ జాతి మొసళ్ళకే పేరుపొందింది. కనుక మొసలి మనకు పుస్తకాల్లో మాత్రమే చదువుకున్న జంతువు కాదు.

ఇక్కడ మీరు గమనించవలసింది షష్ఠీ విభక్తి. 'పిల్లల పండుగ' అంటే పిల్లలు చేసుకునే పండుగ, 'రైతుల పండుగ' అంటే రైతులు చేసుకునేది. అదే లెక్కన 'ముసళ్ళ పండుగ' అంటే మొసళ్ళు చేసుకునే పండుగ. పండుగ జరుగుతుందన్న మాట నిజమే, కాని ఆ పండుగలో మనం అతిథులం కాము, వడ్డించే పదార్థం. మీరు ఆ పొట్టి వాక్యంలో 'పండుగ' దగ్గర ఆగిపోయి, అది ఎవరిదో చూడలేదు. మీ వాళ్ళు నవ్వింది అందుకే.

శుభాన్ని సూచించే మాటతో అశుభాన్ని చెప్పడం తెలుగు నుడికారానికి వెన్నతో పెట్టిన విద్య. చావగొట్టడాన్ని 'బడితెపూజ' అంటాం, 'దేహశుద్ధి' అంటాం. పై అధికారి తిట్టాడనడానికి బదులు 'అక్షింతలు పడ్డాయి' అంటాం, ఇంకా గట్టిగా తిడితే 'తలంటు పోశాడు' అంటాం. మోసపోతే 'శఠగోపం పెట్టారు' అనీ, 'పంగనామాలు పెట్టారు' అనీ చెప్పుకుంటాం. జైలుకు 'శ్రీకృష్ణ జన్మస్థానం' అని పేరు పెట్టాం, అదే జైలును 'అత్తారిల్లు' అని కూడా అంటాం. చేతికందిన డబ్బు పోతే 'గోవిందా', మొదలుపెట్టిన పని మూలపడితే 'మంగళం పాడేశారు'. గుడిలోవీ, పెళ్ళిలోవీ, పూజలోవీ ఇన్ని మాటలు తెచ్చి దెబ్బలకూ తిట్లకూ నష్టాలకూ తొడిగిన జాతి, ప్రాణం మీదికి వచ్చే సందర్భాన్ని 'పండుగ' అనడంలో వింత లేదు. ఈ వరసలో పెట్టి చూస్తేనే ఈ మాటలోని వ్యంగ్యం ఎంత పాళ్ళలో ఉందో తెలుస్తుంది. వ్యంగ్యం తీసేసి చదివితే మిగిలేది హెచ్చరిక మాత్రమే, హెచ్చరించడానికి భాషలో వేరే మాటలు చాలా ఉన్నాయి.

ఇప్పుడు ముసలివాళ్ళా, మొసళ్ళా అన్న ప్రశ్నకు వద్దాం. నేను విన్న వ్యాఖ్యానాలు ప్రధానంగా మూడు. మొదటిది మొసళ్ళు, పైన చెప్పింది. రెండవది ముసలితనం: వయసులో ఉన్నప్పుడు ఎగిరెగిరి పడేవాడికి ముందు వార్ధక్యం కాచుకుని ఉందని దీని భావమట. మూడవది పురాణ సంబంధమైనది. మహాభారతంలో పదహారవ పర్వమైన మౌసల పర్వంలో, గర్భిణి వేషం వేయించిన సాంబుణ్ణి చూపి యాదవ కుమారులు మునులను వేళాకోళం చేస్తారు. మునుల శాపం వల్ల అతనికి ఇనుప ముసలం, అంటే రోకలి, పుడుతుంది. దాన్ని పొడి చేయించి సముద్రంలో కలిపినా ఫలితం ఉండదు. యాదవులు ప్రభాస తీర్థానికి వెళ్ళి, తిని తాగి, మాటా మాటా పెరిగి, అక్కడి తుంగను పీకి ఒకరినొకరు కొట్టుకోగా, ఆ తుంగే ముసలాలై వంశం దాదాపు మొత్తం నశిస్తుంది. 'వాళ్ళ పార్టీలో ముసలం పుట్టింది' అని మనం రోజూ చదివే మాట ఈ కథలోదే.

ఈ మూడవ వ్యాఖ్యానం మనసును పట్టేస్తుందని నేను ఒప్పుకుంటాను. ప్రభాసంలో జరిగింది నిజంగానే పండుగలా మొదలై చావులతో ముగిసింది, పైగా శాపం ముందే ఉంది, ఫలితం మాత్రం వెనక వచ్చింది. డెస్కులో చేరిన కొత్తలో నేను దీన్నే నమ్మి, అడిగినవాళ్ళకు కథతో సహా చెప్పేవాణ్ణి. కాని వ్యాకరణం ఒప్పుకోదు. కమలం, కమలాలు, కమలాల అయినట్టే ముసలం, ముసలాలు, ముసలాల అవుతుంది తప్ప 'ముసళ్ళ' కాదు. రోకలి, రోకళ్ళు, రోకళ్ళ. నెమలి, నెమళ్ళు, నెమళ్ళ. వాకిలి, వాకిళ్ళు, వాకిళ్ళ అన్నట్టుగా, చివర 'లి' ఉన్న ఇలాంటి మాటలకు బహువచనంలో 'ళ్ళు' వస్తుంది, చివర 'లం' ఉన్న మాటలకు రాదు. ముసలానికి తెలుగు మాట అయిన రోకలికి 'ళ్ళు' వచ్చింది కాని, ముసలానికి రాలేదు. కథ ఎంత అందంగా అమరినా, మాట నిర్మాణం దానికి అడ్డుపడుతున్నప్పుడు కథను వదులుకోవలసిందే.

ముసలి, మొసలి అన్న రెండింటిలో ఏది అన్నది వ్యాకరణం ఒక్కటే తేల్చలేదు, ఎందుకంటే రెండింటికీ 'లి' ఉంది. కాని మనుషులను చెప్పేటప్పుడు మనం 'ముసలివాళ్ళు' అంటాం, వాడుకలో 'ముసలాళ్ళు' అంటాం. వట్టి 'ముసళ్ళు' అనడం అరుదు. అంతకన్నా ముఖ్యమైనది భావం. ముసలివాళ్ళు పండుగ చేసుకుంటే ఇతరులకు భయం ఎందుకు? ఆ వ్యాఖ్యానం నిలవాలంటే 'ముసళ్ళ' అన్న మాటను 'ముసలితనపు' అని సాగదీయాలి, 'పండుగ'ను ఇంకో పక్కకు లాగాలి. మొసళ్ళ దగ్గర ఆ ప్రయాస ఏదీ అక్కరలేదు, విన్న వెంటనే బొమ్మ కడుతుంది. ముఖాన్ని మనం మొహం అన్నట్టు, 'ము', 'మొ' తెలుగు నోట సులువుగా తారుమారవుతాయి కనుక, మొసళ్ళు ముసళ్ళు కావడంలో ఆశ్చర్యం లేదు. మకరం అంటే మొసలి కదా అని మకర సంక్రాంతికి ముడిపెట్టాలని కూడా కొందరికి తోచవచ్చు, కాని ఎదురుచూసి చేసుకునే సంక్రాంతికీ ఈ బెదిరింపుకూ పొంతన కుదరదు. నా తీర్పు మొసళ్ళకే.

అలాగని 'ముసళ్ళ' అని రాసినవారిని తప్పుపట్టవద్దు. జాతీయంగా స్థిరపడిన రూపం అదే. పత్రికల్లోనూ, మాటల్లోనూ ఎక్కువగా వినిపించేదీ అదే. 'మొసళ్ళ' అని రాసినా చెల్లుతుంది. 'పండుగ', 'పండగ' రెండూ చెల్లుతాయి, 'ళ్ళ' అని రాసినా 'ళ్ల' అని రాసినా గొడవ లేదు. జంతువు గురించి మామూలుగా రాసేటప్పుడు మాత్రం మొసలి అనే రాయండి.

మాట తెలిసినంత మాత్రాన వాడటం తెలిసినట్టు కాదు, ఇక్కడే చాలామంది కాలు జారతారు. మార్చి రెండవ వారంలోనే ఎండ మండిపోతుంటే, రోళ్ళు పగిలే రోహిణి కార్తె మే నెలాఖరులో వస్తుందని తెలిసిన పెద్దాయన 'ఇప్పుడే ఇలా అంటే ఎలా? ముందుంది ముసళ్ళ పండుగ' అంటాడు. ఇంటి పునాదికి అయిన ఖర్చు చూసి గుండెలు బాదుకుంటున్నవాడితో, ఆ మధ్యే ఇల్లు కట్టుకున్న స్నేహితుడు ఇదే అంటాడు, ఎందుకంటే తలుపులూ గచ్చూ రంగులూ వచ్చేసరికి పునాది లెక్క ఎవరికీ గుర్తుండదని అతనికి అనుభవం. నెలల బిడ్డ రాత్రంతా నిద్రపోనివ్వడం లేదని వాపోయే తల్లితో, ఆ వాడకట్టు పిన్ని 'వాడు నడక నేర్చాక చూడవే, ముందుంది ముసళ్ళ పండుగ' అని నవ్వుతుంది. అప్పు తీసుకుని, వాయిదాలు మొదలయ్యేదాకా దర్జాగా తిరిగేవాడి గురించి అతని వెనక అంటారు. ఈ నాలుగింటిలోనూ వచ్చేది ఖాయం, పైగా అది తట్టుకోలేనిదేమీ కాదు. అందుకే అనేవాడు నవ్వగలుగుతున్నాడు, వినేవాడు కూడా కాస్త ముఖం చిట్లించి నవ్వగలుగుతున్నాడు.

నవ్వలేని చోట ఈ మాట పనికిరాదు. దీన్ని నేను తెలుసుకున్న సందర్భం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. తుఫాను తీరం దాటి, వాగులు పొంగుతున్న రాత్రి అది. వరద ఇంకా పెరుగుతుందని వచ్చిన వార్తకు మా డెస్కులో కొత్తగా చేరిన కుర్రవాడు 'ముందుంది ముసళ్ళ పండుగ' అని శీర్షిక పెట్టాడు. నాకు బాగానే ఉందనిపించి పేజీకి వదిలేశాను. అచ్చుకు పంపే ముందు పేజీ నమూనా చూసిన మా ఇన్‌ఛార్జి గారు, ఎర్ర కలంతో ఆ శీర్షికను అడ్డంగా కొట్టేసి, కాగితం నా బల్ల మీద పెట్టి, అదే పేజీలో కింద ఉన్న ఫోటో మీద వేలు ఆనించారు. నీళ్ళలో కొట్టుకుపోయిన ఇద్దరి శవాల పక్కన కూర్చున్న ఇంటివాళ్ళ ఫోటో అది. 'మొసళ్ళకు పండుగ అంటే మనిషికి చావండీ. చచ్చినవాళ్ళ నెత్తిన ఆ మాట వేస్తామా?' అన్నారు, అంతే, ఇంకేమీ అనలేదు. శీర్షిక 'మరో రెండు రోజులు గండం' అని మారింది. వాస్తవానికి రెండు శీర్షికలూ చెప్పే సంగతి ఒక్కటే. కాని మొదటిది ఒడ్డున నిలబడి చెప్పే మాట, రెండవది నీళ్ళలో ఉన్నవారితో కలిసి చెప్పే మాట. కుర్రవాడు కొత్తవాడు, తప్పు ఎక్కువగా నాదే.

అప్పటి నుంచి నేను పాటించిన కొలత ఇది: ఆ మాటను ఎవరి గురించి అంటున్నామో ఆ మనిషి ఎదురుగా కూర్చుని వింటున్నట్టు ఊహించుకోవడం. ధరలు, పరీక్షలు, ఎండలు, ఎన్నికల ప్రచారం, పార్టీల టికెట్ల గొడవలు, ఆట మొదటి రౌండు గెలిచి పొంగిపోతున్న జట్టు, వీటికి ఈ మాట బ్రహ్మాండంగా సరిపోతుంది. జబ్బు, మరణం, ఆకలి, ఉద్యోగం పోవడం, వీటి దగ్గర నోట రాకూడదు. రోగ నిర్ధారణ అయిన మనిషితో చికిత్స గురించి మాట్లాడుతూ ఎవరైనా ఈ మాట అంటే, అతనికి భాష వచ్చునేమో కాని తెలుగుతనం తెలియదని నేను అనుకుంటాను. ఒకే ఒక మినహాయింపు ఉంది: కష్టపడుతున్న మనిషి తన గురించి తానే అనుకోవడం. 'ఇంజెక్షన్‌కే ఏడుస్తున్నాను, నాకు ముందుంది ముసళ్ళ పండుగ' అని రోగి అనవచ్చు, అందులో గుండె నిబ్బరం ఉంది. చూడటానికి వచ్చినవాడు అనకూడదు.

వాక్య నిర్మాణం గురించి ఒక మాట. మామూలు వరసలో అయితే 'ముసళ్ళ పండుగ ముందుంది' అనాలి. క్రియను ముందుకు తెచ్చి, ఏమి ఉందో చివరిదాకా దాచి పెట్టడంలోనే దీని దెబ్బ ఉంది. 'ముందుంది' అని ఒక్క క్షణం ఆగితే వినేవాడు చెవి ఒగ్గుతాడు, ఆ తరువాత మొసళ్ళు వస్తాయి. ఈ వరస వల్ల ఇంకో సౌకర్యం కూడా ఉంది. పిలుపు ఎప్పుడూ ఆ 'ముందుంది'కే అతుక్కుంటుంది: 'ముందుందిరా ముసళ్ళ పండుగ', 'ముందుందమ్మా ముసళ్ళ పండుగ', 'ముందుందండీ ముసళ్ళ పండుగ'. 'అండీ' చేర్చినా, వయసులో బాగా పెద్దవారితో ముఖాముఖి అనడం మర్యాద కాదు, ఎందుకంటే లోకం నీకన్నా నాకు ఎక్కువ తెలుసునన్న ధ్వని ఇందులో ఉంది. సమవయస్కులతోనూ, చిన్నవారితోనూ అనవచ్చు. రాతలో అయితే 'ముందుంది ముసళ్ళ పండుగ అన్నట్టుగా ఉంది పరిస్థితి' అని ఇమిడ్చి వాడటం అలవాటు. ఇది వాక్యంగా ఒంటరిగా నిలబడగలదు కనుక సామెత అనేవారున్నారు, పోలిక గాని నీతి గాని పైకి చెప్పదు కనుక జాతీయం అనేవారున్నారు. నేను జాతీయాల్లోనే చేరుస్తాను, కాని దాని మీద పోట్లాడను.

దీన్ని మరికొన్నింటితో కలిపేయడం నేను తరచు చూసిన పొరపాటు. 'ఇల్లలకగానే పండుగ కాదు' అన్నదాంట్లోనూ పండుగే ఉంది, అదీ తొందరపడేవాడికి చెప్పేదే. కాని అక్కడ పండుగ నిజమైన పండుగ, మిగిలి ఉన్నది పని. ఇక్కడ పండుగ మొసళ్ళది, మిగిలి ఉన్నది బాధ. 'మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు', 'గోరుచుట్టు మీద రోకటిపోటు' అన్నవి కష్టం మీద కష్టం వచ్చి పడిన తరువాత చెప్పేవి. 'పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టు' అన్నది తప్పించుకోబోయి ఇంకా లోతున పడినవాడి సంగతి. 'ముందు నుయ్యి వెనక గొయ్యి'లో కూడా 'ముందు' ఉంది, అయితే అది ఎదుట ఉన్న స్థలం. ఎటూ కదలలేని స్థితిని చెబుతుంది. మన మాటలోని 'ముందు' ఏటి దారిలో స్థలమూ అవుతుంది, రాబోయే కాలమూ అవుతుంది. తాటికాయ పడిపోయాక మొసళ్ళ మాట ఎత్తకూడదు, మొసళ్ళు ఇంకా రాకముందే తాటికాయ మాట ఎత్తకూడదు.

అందుకే 'పోయిన సంవత్సరం అతనికి ముసళ్ళ పండుగ జరిగింది' అన్న వాక్యం తెలుగు కాదు. జరిగిపోయినదానికి ఈ మాట లేదు. కథ చెప్పేటప్పుడు 'ముందుంది ముసళ్ళ పండుగ అని అప్పటికి అతనికి తెలియదు' అని మాత్రం అనవచ్చు, ఎందుకంటే ఆ క్షణానికి అది ఇంకా రాలేదు. 'కష్టం రావచ్చు, రాకపోవచ్చు' అనుకునే చోటా ఇది కుదరదు. పత్రికల వాళ్ళం చివర ప్రశ్నార్థకం తగిలించి 'ముందుందా ముసళ్ళ పండుగ?' అని తప్పించుకుంటాం గాని, అది శీర్షికల చమత్కారమే. 'ముసళ్ళ పండుగకు సిద్ధం కండి' అని ఈమధ్య రాస్తున్నారు, నాకు అది చెవికి ఇంపుగా లేదు. మొసళ్ళ విందుకు సిద్ధపడటం అంటే ఏమిటి, ఉప్పూ కారం రాసుకోవడమా?

మీ శుభాకాంక్షల సంగతికి వస్తే, పెద్దగా బాధపడవలసిన పని లేదు. పెళ్ళైన కొత్తలో పెళ్ళికొడుకును ఆట పట్టించే బావమరదులూ స్నేహితులూ సరిగ్గా ఈ మాటే అంటారు, కనుక మీ సహోద్యోగి మీరు కావాలనే చమత్కరించారని అనుకుని ఉండవచ్చు. అయితే ఆ చనువు మీకు అతనితో ఉండాలి, అక్షరాల్లో పెట్టి పంపకూడదు, అందులోనూ 'శుభాకాంక్షలతో' అని సంతకం చేయకూడదు. మీరు చెప్పదలచుకున్నదానికి తెలుగులో మాట లేకపోలేదు. అదే వరసలో, క్రియను అలాగే ముందు పెట్టి, 'ముందున్నాయి మంచి రోజులు' అని రాసి ఉంటే సరిపోయేది. ఈసారి అతని ఇంట్లో పాప పుట్టినప్పుడు అది రాయండి. రాత్రి నిద్ర లేదని అతను మీతో మొరపెట్టుకున్నప్పుడు, నోటితో, నవ్వుతూ, మొసళ్ళ సంగతి చెప్పండి.